నలభై అని రాశాక ఇంకో అరవై కొట్టొచ్చా?

ఈసారి ఉత్తరం విజయవాడ నుంచి, ఒక ప్రింట్ ఆర్టిస్టు రాశారు. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యట్లేదు. వయసు 31, విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివారు, పెళ్ళయింది. నాన్నగారికి ముప్పై ఏళ్ళుగా స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉంది, పెళ్ళికార్డులు, విజిటింగ్ కార్డులు, బిల్లు బుక్కులు కొడతారు. ఇప్పుడందరూ పెళ్ళికార్డు కూడా వాట్సాప్‌లో వీడియో చేసి పంపేస్తున్నారు కాబట్టి షాపు బాగా డల్ అయింది. మూడేళ్ళ క్రితం ఈమె తన డ్రాయింగులు అదే షాపులో, అదే బల్ల మీద ప్రింట్లుగా వేయడం మొదలుపెట్టారు, స్క్వీజీ (ఇంకుని స్క్రీన్ లోంచి కాగితం మీదకి నెట్టే రబ్బరు పట్టీ) లాగేది మాత్రం నాన్నగారే.

అందులో ఒక ప్రింటు పేరు 'గడప'. ఫోటో కూడా పంపారు. పద్దెనిమిది అంగుళాల చదరం, మధ్యలో ఇటుక రంగు నిలువు పలక, దానికి అటూ ఇటూ పావు వృత్తాలు ఒకటి నీలం ఒకటి ఆకుపచ్చ, కింద పసుపు పట్టీ, దాని మీద వరసగా కుంకుమ రంగు త్రికోణాలు. మొత్తం ఏడు రంగులు. నలభై కాపీలు వేసి ఒక్కో దాని కింద పెన్సిల్‌తో 1/40, 2/40 అని నంబరు వేసి సంతకం పెట్టి ఒక్కోటి 7,500 కి అమ్మారు. రెండేళ్ళలో 36 పోయాయి. 12వ నంబరు కొన్న గుంటూరు డాక్టరు గారు కొనేముందు మెసేజ్ పెట్టి మరీ అడిగారట, "ఇది మళ్ళీ వెయ్యరు కదండీ" అని. ఈమె "వెయ్యమండీ, స్క్రీన్లు కడిగేశాం" అని జవాబిచ్చారు. స్క్రీన్లు, అంటే బొమ్మ అచ్చు పట్టిన జాలీ చట్రాలు, కడిగేసిన మాట నిజమే, కానీ ఆ అచ్చు మళ్ళీ పట్టించడానికి కావాల్సిన ఫిల్ములు మాత్రం ఏడూ బీరువాలో చీరల కింద భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు హైదరాబాద్‌లో కొత్త హోటల్ చేస్తున్న ఒక ఇంటీరియర్ డిజైనర్ 'గడప' చూసి అవే అరవై కావాలన్నారు, ఒక్కోటి 4,500, అంటే మొత్తం 2,70,000. "41 నుంచి 100 దాకా నంబర్లు వేసుకోండి, లేదంటే నంబరే వద్దు" అన్నారట. చెల్లి పెళ్ళికి చేసిన అప్పు ఇంకా నాలుగు లక్షలు ఉంది, అందుకని నాన్నగారు కూతుర్ని అడక్కుండానే 50,000 అడ్వాన్స్ తీసేసుకున్నారు. ఈమె కుదరదంటే "ఆ నలభై మందీ వచ్చి లెక్కపెడతారా ఏంటి? కాగితం మనది, ఇంకు మనది, చెయ్యి నాది" అన్నారట. మూడు వారాలుగా సరిగ్గా మాట్లాడట్లేదు. భర్త "మీ నాన్న చెప్పిందీ నిజమే కదా" అంటున్నారు. ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "నేను అతిగా ఆలోచిస్తున్నానా? మా నాన్న అప్పు కన్నా ఎవరో పరాయివాళ్ళ గోడ మీదున్న నంబరు ఎక్కువా?"

అమ్మా, ముందు ఆ ఆఖరి ప్రశ్నకే వస్తా, ఎందుకంటే మీ నిద్ర పాడుచేస్తున్నది అదే. అప్పు ఎక్కువా నంబరు ఎక్కువా అని తక్కెడలో పెడితే ఎవరికైనా నాన్నే ఎక్కువ, అందులో అనుమానం ఏముంది. కానీ మీ ముందున్నది ఆ తక్కెడ కాదని నా ఉద్దేశం. నంబరు నిలబెట్టుకుంటూనే ఆ హోటల్ డబ్బు ఇంటికి తెచ్చుకునే దారులు ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తా. అంతకన్నా ముందు ఆ నంబరు అసలు ఏంటో ఒకసారి మాట్లాడుకుందాం, మీకు తెలియదని కాదు, రేపు నాన్నగారికి చెప్పాల్సింది మీరే కాబట్టి.

నేను ఎచింగ్, అంటే లోహపు పలక మీద యాసిడ్‌తో గీతలు దింపి అచ్చు తీసే పని, నేర్చుకున్న మనిషిని. రాగి పలక మీద సూదితో నేరుగా గీసే డ్రైపాయింట్‌లో గీత పక్కన రాగి అంచు కొంచెం పైకి లేస్తుంది, ఇంకు పట్టుకునేది ఆ అంచే, మెత్తటి నల్లదనం వచ్చేదీ దానివల్లే. ప్రెస్ కింద నలిగి నలిగి ముప్పై నలభై కాపీలయ్యేసరికి ఆ అంచు అణిగిపోతుంది. అక్కడ ఇక చాలు అని రాగే చెప్తుంది, మనం చెప్పక్కర్లేదు. స్క్రీన్ అలా కాదు. మీ నాన్నగారు ఒక ఫిల్ముతో ఐదు వందల పెళ్ళికార్డులు కొట్టినా మొదటి కార్డుకీ ఆఖరి కార్డుకీ తేడా పట్టుకోలేం, ఫిల్ము ఉంటే మళ్ళీ స్క్రీన్ ఎక్స్‌పోజ్ చేసుకుని వెయ్యయినా కొట్టొచ్చు. అందుకే స్క్రీన్ ప్రింటులో నలభై అనే హద్దు స్క్రీన్ జాలీలో లేదు, ఇంకులో లేదు, మీ నోట్లో ఉంది. మీరు మాట ఇచ్చారు కాబట్టే అది నలభై. నాన్నగారు "ఎన్నయినా కొట్టొచ్చు కదా" అనడం తప్పేం కాదు, ఆయన వృత్తిలో అది గొప్ప. పెళ్ళికార్డుకి ఎన్ని కొడితే అంత మంచిది, ఆయనకి ముప్పై ఏళ్ళుగా తెలిసిన ధర్మం అదే. మీరు ఆయన బల్ల మీదే ఇంకో ధర్మం మొదలుపెట్టారు, దాని గురించి ఆయనకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేరు.

కొన్నవాళ్ళ వైపు నుంచి ఒక మాట చెప్తా, ఇది నాకే జరిగింది. చాలా ఏళ్ళ కిందట ఒక ఆర్టిస్టు దగ్గర 9/25 అని ఉన్న ప్రింటు కొన్నా, అప్పటి నా నెల జీతంలో సగం పైనే. నల్లటి నేల మీద మూడు వృత్తాలు, ఒకదాని మీదకి ఒకటి జరిగినట్టు, ఎరుపూ నారింజా కలిసిన చోట ఒక సన్నటి వెలుగు గీత. రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ దాన్నే చూసేదాన్ని. నాలుగేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో ఒక ఆస్పత్రి వరండాలో బంధువుల కోసం కూర్చుంటే ఎదురుగా అదే ప్రింటు, కింద 14/60 అని. అవే రంగులు, అదే సైజు, అదే సంతకం. డబ్బు పోయిందని కాదు, నేను ఎప్పుడూ అది అమ్మాలనుకోలేదు. కానీ ఇంటికొచ్చాక ఆ వెలుగు గీత నాకు మునుపటిలా కనపడలేదు. బొమ్మ మారలేదు, ఆ మనిషి మీద నమ్మకం పోయింది, బొమ్మతో పాటు నేను కొనుక్కున్నది ఆ నమ్మకమే. తర్వాత ఆయన ఎంత మంచి పని చేసినా నేను మళ్ళీ కొనలేదు. హోటల్ కూడా అలాంటి చోటే, ఊరూరి నుంచి జనం వచ్చే చోటు. ఆ నలభై మందీ వచ్చి లెక్కపెడతారా అన్న నాన్నగారి మాట మీ భర్త గారికీ నిజమే అనిపిస్తోంది కదా, దానికి నా జవాబు ఇదే. డాక్టర్లు కాన్ఫరెన్సులకి హోటళ్ళకే వెళ్తారు.

ఇంకో పెద్ద ఉదాహరణ కావాలంటే స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ. తర్వాతి కాలంలో ఖాళీ కాగితాల మీద వేల సంతకాలు పెట్టాడని బయటపడ్డాక ఆయన ఆఖరి కాలం ప్రింట్లంటేనే కొనేవాళ్ళు వెనకడుగు వేసే పరిస్థితి వచ్చింది. అంతటి పేరున్న మనిషికే అలా అయితే, ఇప్పుడిప్పుడే 36 మందిని సంపాదించుకున్న మీకు చెప్పేదేముంది.

సరే, ఇప్పుడు దారులు.

మొదటిది డిజైనర్ అడిగి నాన్నగారు ఒప్పుకున్నది. 41/100 నుంచి 100/100 దాకా వేసి పంపేయడం. డబ్బు తొందరగా వస్తుంది, ఫిల్ములున్నాయి, రంగుల కొలతలు నాన్నగారి చేతికి తెలుసు, మూడు వారాల్లో అయిపోతుంది. కానీ అప్పటికే 36 గోడల మీద 40 అని ఉంటుంది, ఒకే ప్రింటుకి రెండు లెక్కలు. అది ఫోటోలో కూడా దొరికిపోతుంది. నంబరు లేకుండా ఇచ్చినా పెద్ద తేడా లేదమ్మా, అదే సైజు అదే రంగులు అయినప్పుడు నంబరు తీసేస్తే ఇంకా దాచినట్టు ఉంటుంది తప్ప తక్కువ తప్పు అవ్వదు. పైగా వెయ్యం అని డాక్టరు గారికి రాతపూర్వకంగా చెప్పారు, ఆ మెసేజ్ ఆయన ఫోన్లో ఉంది. తప్పుడు వివరణ ఇచ్చి సరుకు అమ్మితే 2019 కన్స్యూమర్ ప్రొటెక్షన్ చట్టం ప్రకారం అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందకి వచ్చే అవకాశం ఉంది. కోర్టు దాకా ఎవరూ వెళ్ళరనే అనుకుందాం, కానీ మాట బయటికి వస్తే తర్వాత మీరు ఏ ప్రింటు కింద ఏ నంబరు వేసినా జనం దాన్ని చదవరు. ఈ దారి వద్దని నేను ఆజ్ఞ వెయ్యను, మీ ఇంటి అప్పు నాది కాదు కదా. ఎంచుకుంటే మాత్రం దాని ఖరీదు 2,70,000 లోంచి తీసేసి చూసుకోండి, ఆ ఖరీదు వచ్చే పదేళ్ళూ కడుతూ ఉండాలి.

రెండో దారి రంగులు మార్చడం. ఇది మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో అడిగి వదిలేశారు, "రంగులు మారిస్తే వేరే ప్రింటు అయిపోతుందా, లేక అది కూడా మోసమేనా" అని. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది, కొంచెం ఎక్కువసేపు మాట్లాడనివ్వండి.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 లో, అరవై రెండేళ్ళ వయసులో చదరంలో చదరం పెట్టే 'హోమేజ్ టు ది స్క్వేర్' మొదలుపెట్టి 1976 లో చనిపోయేదాకా దాన్నే వేశాడు, వెయ్యికి పైగా. ఆకారం దాదాపు అదే, మారేది రంగే. ఆయన రంగుల పుస్తకం అమెరికాలో యేల్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళు 1963 లో వేసినప్పుడు అందులో రంగుల ప్లేట్లు సిల్క్ స్క్రీన్‌లోనే కొట్టారు, మామూలు అచ్చులో ఆ తేడాలు నిలబడవని. ఆయన చూపించింది ఏంటంటే రంగుకి ఒంటరిగా ఒక విలువ ఉండదు, పక్కనున్న రంగే దాని పేరు మారుస్తుంది. ఒకే బూడిద రంగు ముక్క నల్లటి నేల మీద తెల్లగా, తెల్లటి నేల మీద నల్లగా కనిపిస్తుంది, కత్తిరించి రెంటినీ పక్కపక్కన పెడితే గానీ నమ్మలేం. మీ 'గడప'లో ఆ ఇటుక రంగు పలక నీలం వైపు మండుతున్నట్టుంది, ఆకుపచ్చ వైపు చల్లబడినట్టుంది, మీరు కావాలనే అలా చేశారని నాకు తెలుస్తోంది. అంటే మీ లాంటి పనిలో రంగు మారితే బొమ్మ మారుతుందనే వాదనకి బలం ఉంది.

మన చిత్తూరు దగ్గర నందనూరులో 1925 లో పుట్టిన ప్రింట్ ఆర్టిస్టు కృష్ణారెడ్డి గారిని చూడండి. శాంతినికేతన్ నుంచి పారిస్‌లో హేటర్ అనే ఆర్టిస్టు నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోకి వెళ్ళి, ఒకే పలక మీద ఒకేసారి అనేక రంగులు ఎక్కించే పద్ధతికి ప్రాణం పోసినవాళ్ళలో ఒకరయ్యారు. పలకలో లోతులు వేరువేరుగా ఉంటాయి, ఇంకుల్లో నూనె పాళ్ళు వేరు, మెత్తటి రోలరు లోతుకి దిగుతుంది, గట్టి రోలరు పై పొరని మాత్రమే తాకుతుంది, పలచటి ఇంకూ చిక్కటి ఇంకూ ఒకదాన్నొకటి దూరం పెట్టుకుంటాయి. ఆ పద్ధతిలో ఒకే పలక నుంచి రంగులు మార్చి మార్చి తీయొచ్చు, ఒక్కో కాపీ ఒక్కో పొద్దులా ఉంటుంది. దాన్ని ఎవరూ మోసం అనరు, ఎందుకంటే ఆ మార్పు అందరికీ తెలిసి, చెప్పి చేసే పని.

చెప్పి చెయ్యడం దగ్గరే మీ ప్రశ్నకి జవాబు ఉంది. నీలాన్ని కాస్త ముదురు నీలం చేసి కొత్త ఎడిషన్ (ఇన్నే కాపీలని లెక్క చెప్పి వేసే విడత) అనేస్తే అది చీరల షాపులో అదే డిజైను వేరే కలర్లో తీసినట్టు ఉంటుంది, కొన్నవాళ్ళకి వెంటనే అర్థమైపోతుంది. నిజంగా చెయ్యాలంటే ఏడింట్లో నాలుగైదు రంగులు మారాలి, పొద్దు మారాలి, పగటి గడప రాత్రి గడప అవ్వాలి. పేరు వేరేగా ఉండాలి, 1/60 నుంచి మొదలవ్వాలి, సర్టిఫికెట్ మీద 'ఇది ఫలానా సంవత్సరం నలభై కాపీల గడప ఆకారం మీద వేసిన రెండో రంగుల ఎడిషన్' అని స్పష్టంగా ఉండాలి. ముఖ్యంగా హోటల్‌కి పంపకముందే ఆ 36 మందికీ మీరే స్వయంగా చెప్పాలి. ముప్పై ఆరు ఫోన్లు అంటే రెండు సాయంత్రాల పని. డాక్టరు గారికి మాత్రం ముందు చెయ్యండి, ఆయన ప్రత్యేకంగా అడిగారు కాబట్టి ఆయనకి చెప్పడం కాదు, ఆయన్ని అడగాలి. కొంతమంది మొహం ముడుచుకుంటారు, ఒకరిద్దరు డబ్బు వెనక్కి ఇవ్వమనొచ్చు, ఇవ్వడానికి సిద్ధపడే ఫోన్ చెయ్యండి. డాక్టరు గారు "వద్దమ్మా, నాకు నచ్చలేదు" అంటే నా దృష్టిలో ఈ దారి మూసుకుపోయినట్టే.

మూడోది కొత్త బొమ్మ. మీరే రాశారు కదా, గడప తర్వాత కిటికీ, ఊయల, దీపం గూడు అని స్కెచ్ బుక్కులో ఆరేడు ఉన్నాయని. డిజైనర్‌కి కావాల్సింది నిజంగా ఆ ప్రింటేనా లేక ఆ రకమైన రంగులూ ఆకారాలా అని ఎవరైనా అడిగారా? చాలాసార్లు వాళ్ళకి కావాల్సింది ఆ గోడకి సరిపడే వెచ్చదనం, అంతే. మూడు స్కెచ్‌లు రంగుల్లో వేసి పంపండి, వాటిల్లో ఒకటి హోటల్ కోసమే అరవై కాపీల ఎడిషన్, ఇంకెక్కడా దొరకదు అనండి. ఆ మాట వాళ్ళకి గొప్పగానే ఉంటుంది, రేటు 4,500 నుంచి కొంచెం పెంచడానికి కూడా వీలుంటుంది.

పని తగ్గించుకునే ఉపాయం ఒకటి. గడపకి ఏడు స్క్రీన్లు అంటే అరవై మంచి కాపీలు రావాలంటే డెబ్బై కాగితాలు ఎక్కించాలి, 490 సార్లు స్క్వీజీ లాగాలి, నాన్నగారి భుజం గురించి మీరే రాశారు. కొత్తదానికి నాలుగు స్క్రీన్లు చాలు, ఇంకులో ట్రాన్స్‌పరెంట్ బేస్ (కింది రంగు కనపడేలా ఇంకుని పలచన చేసేది) కలిపితే రంగు మీద రంగు పడిన చోట మూడో రంగు పుడుతుంది. నీలం వృత్తం మీద పసుపు పట్టీ దాటితే అక్కడ ఆకుపచ్చ దానంతటదే వస్తుంది. జ్యామితి బొమ్మలకి ఇది వరం, అంచులు ఎక్కడ కలుస్తాయో మీ చేతిలో ఉంటుంది కాబట్టి నాలుగు రంగుల్లో ఏడెనిమిది కనిపిస్తాయి. డెబ్బై ఇంటూ నాలుగు, 280. అంటే పని సగానికి కొంచెం పైన మాత్రమే. ఇంకు సంగతి కూడా చూసుకోండి, పెళ్ళికార్డు ఆర్నెల్లు బతికితే చాలు, హోటల్ గోడ మీద బొమ్మ ఏళ్ళ తరబడి వెలుతుర్లో ఉంటుంది. ఎరుపులూ గులాబీలూ ముందు వెలిసిపోయే రకాలు చాలా ఉంటాయి, వెలుతుర్లో రంగు ఎంత నిలుస్తుందో చెప్పే లైట్‌ఫాస్ట్ రేటింగ్ అడగకుండా కొనొద్దు.

ఈ దారిలో ఒక గుంట ఉంది, చాలామంది ఆర్టిస్టులకి తెలియక పడతారు. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి అడిగి చేయించుకున్న పెయింటింగుకీ ఎన్‌గ్రేవింగ్‌కీ వేరే ఒప్పందం లేకపోతే మొదటి కాపీరైట్ యజమాని చేయించుకున్నవాళ్ళే. ఆ చట్టంలో ఎన్‌గ్రేవింగ్ అనే మాటలోకి ఎచింగు, లితోగ్రాఫు, వుడ్‌కట్టుతో పాటు ప్రింట్లు కూడా వస్తాయి. అంటే మీరు నోటిమాట మీద కొత్త బొమ్మ వేసిచ్చేస్తే రేపు ఆ హోటల్ వాళ్ళు దాన్ని కప్పుల మీదా సంచుల మీదా వేసుకుంటే మీరు ఆపలేకపోవచ్చు. కాబట్టి పని మొదలుపెట్టకముందే ఒక పేజీ కాగితం: కాపీరైట్ ఆర్టిస్టుదే, హోటల్‌కి గోడల మీద పెట్టుకునే హక్కు మాత్రమే, ఎడిషన్ అరవై, ఇన్ని ప్రూఫులు (ఆ నంబరు లెక్కలోకి రాని కాపీలు), ఇంత డబ్బు, ఈ తేదీకి. తెలిసిన లాయరుకి ఒకసారి చూపించండి. అడ్వాన్స్ ఇప్పటికే తీసుకున్నారు కాబట్టి అది ఏ పనికి తీసుకున్నదో కూడా ఆ కాగితంలో మార్చి రాయించండి, ఇది మర్చిపోవద్దు.

నాలుగోది అడ్వాన్స్ తిరిగిచ్చేయడం. ఇది గౌరవంగానే ఉంటుంది గానీ మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితిలో నాన్నగారు తీసుకున్న డబ్బు మీరు వెనక్కి ఇప్పిస్తే ఆయనకి అది నలుగురిలో చిన్నతనం. డిజైనర్ గడపే కావాలి ఇంకేదీ వద్దు అని పట్టుబట్టి, డాక్టరు గారూ వద్దంటే అప్పుడు ఇదొక్కటే మిగులుతుంది, అప్పుడు కూడా నాన్నగారి చేతి మీదుగానే ఇప్పించండి. మిగిలిన నాలుగు కాపీలు ఆ డిజైనర్‌కే అసలు ధరకి అమ్మి, రిసెప్షన్‌లో పెట్టుకోమని అడిగి చూడొచ్చు. 30,000 వస్తుంది, మాట కూడా చెడదు.

ఇక నాన్నగారి దగ్గరికి. మీ ఉత్తరం నేను నాలుగుసార్లు చదివా, ప్రతిసారీ ఒక్క మాట దగ్గర ఆగిపోయా. కాగితం మనది, ఇంకు మనది, చెయ్యి నాది. మొదటి రెండిటికీ 'మన' అన్నారు, మూడోదానికి 'నా' అన్నారు. మీరు దాన్ని కోపం అనుకుని దాటేశారు, నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అసలు విషయం అదే అనిపించింది. ఏడు రంగులు, నలభై కాపీలు, పాడైనవి కాకుండానే 280 సార్లు ఆ చెయ్యి స్క్వీజీ లాగింది. వెంట్రుకవాసి తేడా లేకుండా పసుపు పట్టీ అంచు మీద కుంకుమ త్రికోణం కూర్చోబెట్టింది ఆ చెయ్యే, మీరే రాశారు, మూలకి అట్టముక్కలు అంటించి కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ప్రతి కాగితాన్నీ వంగి చూసేవారని. ఆ ప్రింటు కింద ఎడమవైపు నంబరు, మధ్యలో పేరు, కుడివైపు మీ సంతకం. ఆయన ఎక్కడ?

మీ నాన్నగారు కొట్టిన ఏ పెళ్ళికార్డయినా తిరగేసి చూడండి, వెనక అడుగున చీమంత అక్షరాల్లో ప్రెస్సు పేరూ ఊరూ ఉంటాయి. ఐదు రూపాయల కార్డు మీద ఉన్న పేరు 7,500 రూపాయల ప్రింటు మీద లేదు. నలభై అని మీరు నిర్ణయించారు, మళ్ళీ వెయ్యమని మీరు మాటిచ్చారు, ఆయన్ని అడిగారా? అడిగి ఉంటే ఉత్తరంలో రాసేవారు. ఆయన అడక్కుండా అడ్వాన్స్ తీసుకోవడం తప్పే, కానీ అడక్కుండా మాట ఇవ్వడం ముందు జరిగింది. నిందించడానికి రాయట్లేదమ్మా, మీకు ఆయనంటే ఎంత ప్రేమో ప్రతి పేరాలో కనిపిస్తోంది, అందుకే చెప్తున్నా.

పాశ్చాత్య ప్రింట్ స్టూడియోల్లో దీనికి ఒక పద్ధతి ఉంది. 1960 లో జూన్ వేన్ అనే అమెరికన్ ఆర్టిస్టు లాస్ ఏంజెలెస్‌లో టామరిండ్ అనే లితో (రాతి పలక మీద గీసి అచ్చు తీసే పద్ధతి) వర్క్‌షాప్ పెట్టింది, ఆ వర్క్‌షాప్‌లో ప్రతి ప్రింటు మీదా వర్క్‌షాప్ ముద్రతో పాటు దాన్ని లాగిన ప్రింటరు సొంత ముద్ర కూడా పడుతుంది, ఇంకు లేకుండా కాగితాన్ని నొక్కి చేసే చిన్న గుర్తు. చాప్ అంటారు. ఎన్ని కాపీలు, ఏ కాగితం, ఏ రంగులు, ఎన్ని ప్రూఫులు, ఎవరు లాగారు అని అన్నీ రికార్డు కూడా రాస్తారు. మీరూ ఒక రిజిస్టరు పెట్టండి, షాపులో బిల్లు బుక్కులు కొడతారు కదా, అందులోంచి ఒకటి చాలు. అందులో గడప పేజీలో నలభై కాపీలూ, మీ దగ్గరున్న నాలుగు ఆర్టిస్ట్ ప్రూఫులూ రాయండి. నీలం పక్కకి జరిగిన ఆరు పాడైన కాపీల గురించి రాశారు, అమ్మ ఒకటి పిన్నికి ఇచ్చిందన్నారు. పిన్ని దగ్గర ఉన్నది తెప్పించి వెనక 'ప్రూఫ్, అమ్మకానికి కాదు' అని రాసి తిరిగి ఇచ్చెయ్యండి, మిగతా ఐదూ చింపెయ్యండి. సంతకం లేదు కదా అని వదిలెయ్యొద్దు, అవి బయట తిరిగితే మీ నలభై నలభై కాదు.

డబ్బు సంగతి కూడా తేల్చుకోండి. ఇప్పటిదాకా అమ్మిన ప్రింట్లలో నాన్నగారి వాటా ఎంత అనేది మీరు రాయలేదు, ఇంట్లో డబ్బే కదా అని లెక్క పెట్టి ఉండరు. వచ్చే ఎడిషన్ నుంచి ఇంత శాతం ప్రింటరుకి అని కాగితం మీద పెట్టండి, అప్పు తీర్చేది ఆయన వాటా నుంచో మీ వాటా నుంచో తర్వాత చూసుకోవచ్చు. ఎడిషన్ సైజు కూడా ఇద్దరూ కూర్చుని అనుకోండి. నలభై అనే అంకెలో పవిత్రత ఏం లేదు. జ్యామితి బొమ్మలకి పేరుపడ్డ ఆర్టిస్టు వసరేలీ అయితే బొమ్మ ఎక్కువ ఇళ్ళకి వెళ్ళాలనే నమ్మకంతో రెండు మూడు వందల కాపీల ఎడిషన్లు బాహాటంగా వేశాడు, మన చిత్రకారుడు రజా గారి బిందువు కూడా సెరిగ్రాఫుల (అంటే స్క్రీన్ ప్రింట్ల) వల్లే, కోట్ల పెయింటింగ్ కొనలేని ఎన్నో మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది. నాన్నగారికి పెద్ద అంకె ఇష్టమైతే తర్వాతి ప్రింటు మొదటి రోజే 1/150 అని మొదలుపెట్టండి, ధర తగ్గించండి, అందులో తప్పేముంది. మొదట చెప్పిన అంకె తర్వాత మారకపోతే చాలు.

నాకు మూడో దారి మీద మొగ్గు ఉందని మీకు అర్థమయ్యే ఉంటుంది, కానీ మీ బల్ల దగ్గర నిలబడేది మీరిద్దరూ, డిజైనర్‌తో మాట్లాడాక లెక్కలు మారొచ్చు. ఏ దారైనా ముందు నాన్నగారితో మొదలుపెట్టండి, ఎడిషన్ గురించి కాకుండా ముద్ర గురించి. కంపెనీ సీలు నొక్కే ఎంబాసింగ్ మిషన్ రబ్బరు స్టాంపులు చేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది, ఆయనకే తెలిసి ఉంటుంది ఎక్కడ చేస్తారో. డిజైను మీరు గీసి ఇవ్వకండి, షాపు పాత కార్డుల వెనక ఉన్న గుర్తు పెట్టుకుంటారో ఇంకేం పెట్టుకుంటారో ఆయన్నే గీయమనండి. అమ్మకుండా మిగిలిన నాలుగు కాపీలూ ఆయన ముందు పెట్టి, ఎక్కడ నొక్కాలో కూడా ఆయన్నే చూపించమనండి.